అమ్మకు సీటీ వెనోగ్రామ్ రాశారు, ఏ డై అయితే మంచిది?

ఉప్పల్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వాళ్ల అమ్మగారికి 58 ఏళ్లు, బరువు 64 కిలోలు. 14 ఏళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. బీపీకి టెల్మిసార్టాన్, మోకాళ్ల నొప్పి ఎక్కువైనప్పుడు డైక్లోఫెనాక్ కూడా వేసుకుంటారు. ఐదు నెలలుగా ఎడమ కాలు తొడ నుంచి పాదం దాకా వాస్తోంది. సాయంత్రానికి చెప్పు పట్టడం లేదు, చీలమండ పైన చర్మం నల్లబడుతోంది. డాప్లర్, అంటే రక్తప్రవాహాన్ని చూసే అల్ట్రాసౌండ్, తీయిస్తే కాలి సిరల్లో రక్తపు గడ్డ లేదన్నారు. కానీ పొట్టలో గ్యాస్ వల్ల ఇలియాక్ సిరలు (కాళ్ల రక్తాన్ని పొత్తికడుపు గుండా పైకి తీసుకెళ్లే పెద్ద సిరలు) కనిపించలేదని, ఎడమ తొడ మొదట్లో రక్తప్రవాహం ఊపిరితో పాటు మారడం లేదని రిపోర్టు చివర్లో రాశారు. రక్తనాళాలు చూసే వాస్క్యులర్ సర్జన్ సీటీ వెనోగ్రామ్, అంటే డై (బొమ్మలో రక్తనాళాలు కనబడేలా ఎక్కించే మందు) ఇచ్చి సిరలను చూపే సీటీ స్కాన్, చేయించుకు రమ్మన్నారు.

చిక్కంతా అక్కడ మొదలైంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 ఉంది. పైగా నాలుగేళ్ల కిందట గుండె యాంజియోగ్రామ్ తీసినప్పుడు డై ఇచ్చిన పది నిమిషాలకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఎలర్జీకి ఇచ్చే అవిల్ ఇంజెక్షన్ ఇస్తే గంటలో తగ్గాయి, ఆయాసం రాలేదు, బీపీ పడిపోలేదు. రొయ్యలు తిన్నా ఆవిడకు దద్దుర్లు వస్తాయట. ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. అన్నయ్య ఎంఆర్ఐ చేయిద్దామంటారు. ఫార్మసీ చదివిన పెద్దమ్మ కొడుకు, ఎంఆర్ఐలో వాడే గాడోలినియం కిడ్నీ బాగాలేనివాళ్లకు విషమంటారు. డయాగ్నస్టిక్ సెంటర్ కౌంటర్లో “విసిపేక్ అని కాస్ట్‌లీ డై ఉంది, దానికి ఎలర్జీ రాదు, కిడ్నీకీ ఏం కాదు” అన్నారు. ఇంకోచోట కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో తీస్తామన్నారు. లిఫ్ట్ ఎక్కడానికే భయపడే అమ్మగారు మాత్రం, ఆ ఎంఆర్ఐ గొట్టంలోకి వెళ్లను, వాపుకు వేసే బిగుతు సాక్స్ వేసుకుని ఊరుకుంటానంటున్నారు. వీటిలో ఏది సేఫ్, ఏది సరిగ్గా చూపిస్తుంది, మేం ఏం చెయ్యాలి అన్నది ప్రశ్న.

ఇంతమంది ఇన్ని చెబుతుంటే మీకు ఊపిరాడక పోవడం సహజం. మీ ఇంట్లో వాళ్లెవరూ పూర్తిగా తప్పు చెప్పలేదు, ఎవరి మాటా పూర్తిగా ఒప్పూ కాదు. ఒక్కో డైకి ఒక్కో రకం ప్రమాదం ఉంటుంది. ఎలర్జీ వేరు, కిడ్నీ దెబ్బతినడం వేరు, బొమ్మ సరిగ్గా రాకపోవడం వేరు. ఈ మూడింటినీ కలిపి “సేఫా కాదా” అని అడిగితే ఎవరి దగ్గరా సరైన జవాబు దొరకదు. విడదీసి చూద్దాం.

ముందు మీ డాప్లర్ రిపోర్టులోని ఆ చివరి వాక్యం. మామూలుగా తొడ సిరలో రక్తం ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా పెరుగుతూ తగ్గుతూ కదులుతుంది. స్క్రీన్ మీద అది అలలాగా కనిపిస్తుంది. పైన, అంటే పొత్తికడుపులో, దారి ఇరుకైనా మూసుకుపోయినా ఆ అల చదునైపోతుంది. కుడి కాల్లో అల ఉండి ఎడమ కాల్లో లేదంటే అడ్డు గజ్జకు పైనే ఉందని గట్టి అనుమానం. ఎడమ ఇలియాక్ సిర మీదుగా కుడి ఇలియాక్ ధమని దాటుతుంది, వెనక వెన్నెముక ఉంటుంది. ఆ రెంటి మధ్య సిర నలగడాన్ని మే, థర్నర్ అనే ఇద్దరు డాక్టర్లు 1957లో వివరించారు. అందుకే దాన్ని మే-థర్నర్ సిండ్రోమ్ అంటారు. అయితే 58 ఏళ్ల మహిళకు ఒక్క కాలే వాస్తుంటే ఇంకో కారణాన్నీ తప్పకుండా చూడాలి. గర్భసంచి, అండాశయాలు, లింఫ్ గ్రంథుల దగ్గర ఏదైనా కణితి పెరిగి సిరను నొక్కుతోందా అన్నది. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, సాక్స్ వేసుకుని ఊరుకోవడం ఎందుకు కుదరదో అమ్మగారికి చెప్పడానికి ఇది మీకు అవసరం. సర్జన్ పొత్తికడుపు బొమ్మ అడగడం న్యాయమే. ఏ పద్ధతిలో, ఏ డైతో అన్నదే తేలాలి.

ఇక కిడ్నీ సంగతి. 1.6 అంటే “కొంచెమే ఎక్కువ” అనిపిస్తుంది. కానీ ఆ అంకె మనిషిని బట్టి మారుతుంది. 30 ఏళ్ల మగవాడికి 1.6 ఉంటే వడపోత సామర్థ్యం, అంటే ఈజీఎఫ్ఆర్, 59 దగ్గర ఉంటుంది. అదే 1.6 మీ అమ్మగారి వయసు మహిళకు ఉంటే 37 అవుతుంది. చాలా ల్యాబ్ రిపోర్టుల్లో ఈజీఎఫ్ఆర్ వేయరు, అడిగి వేయించుకోండి. ఈ 37 అనే అంకెను పట్టుకునే మిగతా మాటలన్నీ చెబుతున్నాను. ఇది స్థిరంగా ఉన్న అంకె అయి ఉండాలి. డైక్లోఫెనాక్ కిడ్నీకి రక్తం అందే దారిని బిగిస్తుంది, షుగర్, బీపీ ఉన్నవాళ్లలో మరీ. స్కాన్ డై గురించి ఇంతగా ఆలోచిస్తున్న ఇంట్లో ఆ మాత్ర ఇంకా ఉండటమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఇవాళే ఆపించండి, నొప్పికి ఏం వాడాలో డాక్టర్ని అడగండి. వారం పది రోజుల తర్వాత క్రియాటినిన్ మళ్లీ చేయిస్తే అసలు అంకె తెలుస్తుంది. టెల్మిసార్టాన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

సీటీలో వాడేది అయోడిన్ డై. పాతకాలపు అయానిక్ డైలు రక్తం కన్నా ఐదు రెట్లు చిక్కగా ఉండేవి (చిక్కదనం అంటే ఇక్కడ జిగట కాదు, కరిగి ఉన్న కణాల గాఢత). పాదం సిరలోకి ఎక్కించి వెనోగ్రామ్ తీస్తే మంట పుట్టేది, ఒక్కోసారి పరీక్ష వల్లే సిరలో గడ్డ కట్టేది. ఇప్పుడు వాడేవి నాన్-అయానిక్. ఆమ్నిపేక్, అల్ట్రావిస్ట్ లాంటివి తక్కువ చిక్కదనం ఉన్న రకం. మీకు చెప్పిన విసిపేక్ చిక్కదనం రక్తంతో సమానం. జపాన్‌లో మూడు లక్షలకు పైగా మందిని గమనించి 1990లో ప్రచురించిన లెక్కల్లో పాత రకానికి 12.66 శాతం మందిలో, కొత్త రకానికి 3.13 శాతం మందిలో ఏదో ఒక రియాక్షన్ వచ్చింది. తీవ్రమైనవి 0.22 నుంచి 0.04 శాతానికి తగ్గాయి. ఆ తగ్గుదల అంతా పాత రకం నుంచి నాన్-అయానిక్‌కు మారడంతో వచ్చింది. నాన్-అయానిక్ నుంచి విసిపేక్‌కు మారితే మళ్లీ అంత లాభం ఉండదు.

కౌంటర్లో చెప్పిన మాటలోని లోపం అక్కడే ఉంది. షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు ధమనుల్లో డై ఎక్కించి తీసే యాంజియోగ్రామ్‌లలో విసిపేక్ కిడ్నీకి మేలని 2003లో ఒక అధ్యయనం చూపింది. తర్వాతి అధ్యయనాలన్నీ దాన్ని బలపరచలేదు. చేతి సిరలోకి ఎక్కించే సీటీలో అయితే కిడ్నీకి అదనపు రక్షణ స్పష్టంగా తేలనే లేదు. సూది వేసేటప్పుడు ఒంట్లో వేడి తక్కువగా అనిపిస్తుంది, అది నిజం. కానీ ఒకటి రెండు రోజుల తర్వాత వచ్చే దద్దుర్లు దీనితో కొంచెం ఎక్కువ. ఎలర్జీ విషయంలో ఇంకో చిక్కుంది. నాలుగేళ్ల కిందట మీ అమ్మగారికి ఇచ్చింది ఆమ్నిపేక్ అయితే, విసిపేక్‌కు మారడం పెద్ద మార్పే కాదు. రెండు మందుల అణువులకూ పక్కన వేలాడే గొలుసు ఒకటే. వేరే గొలుసు ఉన్న మందు, ఉదాహరణకు ఐయోపామిడాల్, ఎంచుకుంటే అర్థం ఉంది.

అందుకే ఈ వారంలో మీరు చేయాల్సిన మొదటి పని ఆ పాత డై పేరు కనుక్కోవడం. డిశ్చార్జి సమ్మరీలో “కాంట్రాస్ట్ ఎలర్జీ” అని మాత్రమే రాసి ఉండొచ్చు. అది చాలదు. యాంజియోగ్రామ్ చేసిన ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగంలో ఐపీ నంబర్ ఇచ్చి క్యాథ్ ల్యాబ్ (యాంజియోగ్రామ్ చేసే గది) నోట్ కాపీ అడగండి. అది దొరక్కపోతే బిల్లు వివరాలు చూడండి, వాడిన మందులు వస్తువుల చిట్టాలో డై సీసా పేరు, మిల్లీలీటర్లు ఉంటాయి. ఆ ఒక్క పేరు రేడియాలజిస్టు చేతిలో ఉంటే సగం వాదన అక్కడే తీరిపోతుంది.

రొయ్యల సంగతి పక్కన పెట్టేయండి. రొయ్యలకు ఎలర్జీ వచ్చేది వాటిలోని ప్రొటీన్ వల్ల, అయోడిన్ వల్ల కాదు. రొయ్యలు పడనివాళ్లకు డై కూడా పడదని అనుకోనక్కర్లేదు. ఫారంలో మాత్రం రాయండి. ఎలర్జీలు ఉన్న మనిషని వాళ్లకు తెలుస్తుంది, అంతవరకే.

స్టెరాయిడ్ ముందస్తు మోతాదు గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెబుతారు. ప్రెడ్నిసొలోన్ 50 మిల్లీగ్రాములు స్కాన్‌కు 13, 7, 1 గంటల ముందు వేసుకోవడం, చివరి మోతాదుతో పాటు ఎలర్జీ మందు ఇవ్వడం పాత పద్ధతి. ఉదయం 11కి స్కాన్ అయితే రాత్రి 10కి, తెల్లవారుజామున 4కి, మళ్లీ ఉదయం 10కి. మీ అమ్మగారికి వచ్చింది స్వల్ప రియాక్షన్. అలాంటివారికి మందు మార్చడమే ముఖ్యమని, స్టెరాయిడ్ తప్పనిసరి కాదని ఇటీవలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇచ్చినా రియాక్షన్ రాదని హామీ లేదు, షుగర్ మాత్రం ఖాయంగా పెరుగుతుంది. డాక్టర్ ఇవ్వాలనుకుంటే ఆ రెండు రోజులు ఇంట్లో గ్లూకోమీటర్‌తో రోజుకు నాలుగుసార్లు చూడండి.

సీటీ వెనోగ్రామ్‌లో బొమ్మ చెడిపోయే తీరు కూడా తెలుసుకోండి. డై చేతి నుంచి గుండెకు, అక్కడి నుంచి ధమనుల్లోకి, కాళ్ల దాకా వెళ్లి తిరిగి సిరల్లోకి రావాలి. దారిలో పలచబడిపోతుంది కనుక 100 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా ఎక్కిస్తారు, రెండున్నర నుంచి మూడు నిమిషాలు ఆగి తీస్తారు. అడ్డున్న కాల్లో రక్తం నెమ్మదిగా వస్తుంది. తొందరపడి తీస్తే డై చేరిన రక్తం, చేరని రక్తం కలిసి మచ్చలుగా కనిపిస్తాయి, గడ్డ ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. మళ్లీ తీయాలంటే మళ్లీ డై ఎక్కించాలి. 37 ఈజీఎఫ్ఆర్ ఉన్నవారికి రెండోసారి అన్నది రాకూడదు. టేబుల్ ఎక్కేముందే “ఎడమ ఇలియాక్ సిర కోసం, వెనోగ్రామ్ ప్రోటోకాల్‌తో తీయాలి” అని రాసిన చీటీ టెక్నీషియన్ చేతిలో ఉండాలి. మామూలు పొట్ట సీటీ లాగా 70 సెకన్లకు తీసేస్తే పని చెడుతుంది.

ఈజీఎఫ్ఆర్ 30 పైన స్థిరంగా ఉంటే సీటీ డై పూర్తిగా నిషేధం ఏమీ కాదు. 30 నుంచి 44 మధ్య ఉన్నవారికి సెలైన్ ఎక్కించాలా వద్దా అన్నది మనిషిని బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. షుగర్ ఉంది కనుక ఎక్కించమని నేనైతే అడుగుతాను. స్కాన్‌కు గంట ముందు మొదలుపెట్టి తర్వాత కొన్ని గంటలు, మామూలు సెలైన్. గుండె బలహీనంగా ఉంటే అది కూడా జాగ్రత్తగా ఇవ్వాలి, పాత గుండె రిపోర్టు వెంట ఉంచుకోండి. కిడ్నీకి రక్షణ అని ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ మాత్రలు రాస్తే వాటి మీద ఆశ పెట్టుకోకండి. 2018లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో యాంజియోగ్రామ్ రోగులకు వాటి వల్ల లాభం కనిపించలేదు.

గాడోలినియం దగ్గరికి వద్దాం. మీ పెద్దమ్మ కొడుకు చెప్పింది ఒకప్పటి నిజం. కిడ్నీలు దాదాపు పనిచేయనివారిలో చర్మం, కీళ్లు చెక్కలా బిగుసుకుపోయే జబ్బు ఒకటి 1997 నుంచి కనిపించింది. దానికి గాడోలినియంతో సంబంధం ఉందని 2006లో బయటపడింది. కానీ అన్ని గాడోలినియం మందులూ ఒకటి కాదు. ఆ కేసుల్లో ఎక్కువగా వాడినవి ఆమ్నిస్కాన్, మాగ్నెవిస్ట్ లాంటి లీనియర్ రకం. వాటిలో గాడోలినియం అణువును పట్టుకున్న గొలుసు వదులుగా ఉంటుంది, కిడ్నీ త్వరగా బయటికి పంపకపోతే ఊడి ఒంట్లో ఉండిపోతుంది. గాడోవిస్ట్, డోటారెమ్ మాక్రోసైక్లిక్ రకం, పంజరంలో పెట్టినట్టు గట్టిగా పట్టుకుంటాయి. ఇలాంటి భద్రమైన మందులు తీసుకున్న, ఈజీఎఫ్ఆర్ 30 లోపున్న 4,931 మంది వివరాలను 2020లో ఒకచోట చేర్చి చూస్తే ఆ జబ్బు ఒక్కరికీ రాలేదు. మీ అమ్మగారిది 37. లీనియర్ మందుల్లో చాలావాటిని యూరప్ 2017లోనే పక్కన పెట్టింది.

పేర్లు వింటే గందరగోళం రావచ్చు. ఆమ్నిపేక్ సీటీ డై, ఆమ్నిస్కాన్ ఎంఆర్ఐ డై. సీసా మీద పేరు చదివి చూడండి. మోతాదు కూడా బరువును బట్టే ఉండాలి. 64 కిలోలకు గాడోవిస్ట్ అయితే 6.4 మిల్లీలీటర్లు, డోటారెమ్ అయితే 12.8. రెండింటిలోనూ ఉండేది ఒకే మోతాదు, గాడోవిస్ట్ రెట్టింపు గాఢత, అంతే. అయోడిన్ డైకి వచ్చిన దద్దుర్లు గాడోలినియంకు వర్తించవు, దీనికి ఎలర్జీ రావడం మరీ అరుదు. దీనికోసం మెట్‌ఫార్మిన్ ఆపనక్కర్లేదు.

పైగా ఎంఆర్ఐలో ఏ మందూ లేకుండా కదిలే రక్తాన్నే చూపించే పద్ధతులున్నాయి. నెమ్మదిగా కదిలే రక్తం వాటిలో మసకగా వస్తుంది కనుక అడ్డు ఉన్నదాని కన్నా ఎక్కువగా కనిపించవచ్చు. అందుకే ముందు మందు లేకుండా తీసి, రేడియాలజిస్టు అక్కడే చూసి, చాలకపోతేనే గాడోలినియం ఇచ్చే ఏర్పాటు చేయమనండి. పొత్తికడుపులో కణితులేమైనా ఉంటే అదే స్కాన్‌లో తెలుస్తాయి.

అమ్మగారి భయానికి ఒక దారి ఉంది. పొత్తికడుపు ఎంఆర్ఐకి కాళ్లు ముందుగా లోపలికి పంపమని అడగొచ్చు. అప్పుడు తల గొట్టం మొదట్లోనే, బయటి వెలుతురు దగ్గరే ఉంటుంది. ముందురోజు సెంటర్‌కు తీసుకెళ్లి ఆ గది చూపించండి, చప్పుడు ఎలా ఉంటుందో చెప్పండి. చేతిలో పెట్టే బెల్లు నొక్కితే ఆపేస్తారని చెబితే చాలామందికి సగం భయం పోతుంది. ఒంట్లో పేస్‌మేకర్, లోహపు క్లిప్పులు ఉంటే తప్పక చెప్పాలి.

కార్బన్ డయాక్సైడ్ సంగతి. గ్యాస్ సిరలోని రక్తాన్ని పక్కకు నెట్టి, ఆ ఖాళీని ఎక్స్-రేలో చూపిస్తుంది. ఎలర్జీ లేదు, కిడ్నీకి హాని లేదు, ఊపిరితిత్తుల నుంచి బయటికి పోతుంది. వినడానికి అన్నిటికన్నా మంచిదిగా ఉంది కదా. కానీ ఇది స్కాన్ కాదు, క్యాథ్ ల్యాబ్‌లో సిరలోకి గొట్టం పెట్టి చేసే పని. గుండె గదుల మధ్య రంధ్రం ఉంటే గ్యాస్ మెదడు వైపు వెళ్లొచ్చు, కనుక చేయకూడదు. ఊపిరితిత్తుల జబ్బు ఉంటే జాగ్రత్త అవసరం. సిరంజిలోకి మామూలు గాలి చేరినా కంటికి కనబడదు, అది ప్రమాదం. ఒక్కో మోతాదుకు మధ్య రెండు మూడు నిమిషాలు ఆగాలి. చేసి చేసి చేయి తిరిగినవాళ్ల దగ్గరే చేయించుకోవాలి. కారణమేంటో ఇంకా తెలియని దశలో దీనితో మొదలుపెట్టడం తొందరపాటు. స్టెంట్ (ఇరుకైన సిరను తెరిచి ఉంచే జాలీ గొట్టం) వేయాలని నిర్ణయమైతే మాత్రం అదే టేబుల్ మీద ఇది మీ అమ్మగారికి చాలా పనికొస్తుంది. అప్పుడే సిర లోపలికి పంపే చిన్న అల్ట్రాసౌండ్, ఐవస్ అంటారు, ఏ డై లేకుండా ఇరుకును కొలుస్తుంది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో డై బొమ్మల కన్నా అదే ఎక్కువ ఇరుకులను పట్టుకుంది. ఖర్చు ఎక్కువ, ముందే అడగండి.

బొమ్మలో సిర నలిగినట్టు కనిపించగానే స్టెంట్‌కు ఒప్పుకోకండి. అమెరికాలో కాళ్ల వాపేమీ లేని 50 మంది సీటీలు చూసి 2004లో రాసిన పరిశీలనలో 24 శాతం మందికి ఆ సిర సగానికి పైగా నలిగే ఉంది. ఏ డై వాడినా బొమ్మ ఒక్కటే చాలదు, వాపు, చర్మం రంగు, డాప్లర్‌లోని చదును అల కూడా కలిసిరావాలి. నీళ్లు తాగకుండా ఖాళీ కడుపుతో ఎండిపోయి వెళ్తే సిర ఇంకా చదునుగా కనిపిస్తుంది.

కాబట్టి మీ ముందు ఉన్న దారులు ఇవి. డైక్లోఫెనాక్ ఆపి, డాప్లర్ మళ్లీ చేయించండి. ఉదయాన్నే ఆరేడు గంటలు ఏమీ తినకుండా వెళ్తే గ్యాస్ తక్కువగా ఉంటుంది. మంచినీళ్లు తాగొచ్చా, షుగర్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి అన్నవి ముందే అడగండి. ఇలియాక్ సిరలతో పాటు గర్భసంచి, అండాశయాలు కూడా చూడమనండి. ఇందులో పోయేదేమీ లేదు. చూసేవారి నైపుణ్యం మీద చాలా ఆధారపడుతుంది కనుక వాస్క్యులర్ డాప్లర్ రోజూ చేసేవాళ్ల దగ్గర చేయించండి. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది, రెండో అభిప్రాయానికి పనికొస్తుంది. అక్కడ కూడా తేలకపోతే నేను మొగ్గేది ఎంఆర్ వెనోగ్రామ్ (ఎంఆర్ఐతో తీసే సిరల బొమ్మ) వైపు, ముందు మందు లేకుండా, అవసరమైతే మాక్రోసైక్లిక్‌తో. సర్జన్ దానికి ఒప్పుకోకుండా సీటీయే కావాలంటే ఎందుకో అడగండి. “నా చేతికి సీటీ బొమ్మ అలవాటు” అన్నా అది కొట్టిపారేసే కారణం కాదు, ఆపరేషన్ చేసేది ఆయనే. అప్పుడు పాత డైకి భిన్నమైన మందు, సెలైన్, ఒక్కసారే సరిగ్గా తీసే ఏర్పాటు, ఆసుపత్రి లోపలే చేయించడం, ఈ నాలుగూ ఉండాలి. వీధి చివరి సెంటర్ వద్దు, రియాక్షన్ వస్తే చూసే డాక్టర్, అడ్రినలిన్ చేతికందేంత దూరంలో ఉండాలి.

సాక్స్ వాపుకు సాయపడతాయి, కారణం చెప్పవు. షుగర్ ఉన్న కాలికి వేసేముందు ధమనుల ప్రవాహం చూడాలి. లేకపోతే వేళ్లకు రక్తం అందక పుండు పడొచ్చు.

ఇవన్నీ తీరిగ్గా ఆలోచించే పరిస్థితికి చెప్పినవి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం వచ్చినా, కాలు నీలంగా మారినా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. అప్పుడు డై సీటీ తప్పదంటే తప్పదు, కిడ్నీని తర్వాత చూసుకుంటారు. పాత దద్దుర్ల సంగతి మాత్రం వాళ్లకు చెప్పండి.

సీటీ చేయించుకుంటే ఆ రోజు నుంచి మెట్‌ఫార్మిన్ ఆపండి. 30 పైన ఉంటే ఆపనక్కర్లేదనే రేడియాలజిస్టులూ ఉన్నారు, కానీ 30 నుంచి 60 మధ్య ఉన్నవారు ఆపాలన్నది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో చెప్పిన మాట. ఆ మందు కిడ్నీని పాడుచేయదు, కిడ్నీ మందగిస్తే ఒంట్లో పేరుకుంటుంది. 48 గంటలకు క్రియాటినిన్ చేయించండి. ముందున్న అంకె కన్నా 0.3 లేదా అంతకు మించి పెరిగితే డాక్టర్‌కు వెంటనే చెప్పండి, పెరగకపోతే మెట్‌ఫార్మిన్ మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఈసారి డై సీసా మీది స్టిక్కర్ ఫొటో తీసి, తేదీ, మిల్లీలీటర్లు, ఏమైనా దద్దుర్లు వచ్చాయా లేదా అన్నది అమ్మగారి ఫైల్ మొదటి పేజీలో రాసి పెట్టండి.